సారంగు సమాధానాలు: ఆ మోటారు గొలుసు ఎత్తడానికే అబ్బయ్యా

సంక్రాంతికి మన పిల్లోళ్ళు ఊరికొచ్చే కాలం పోయి థాయ్‌లాండ్‌లో ఫుకెట్ పోయే కాలం వచ్చినట్టుంది, ఈ నెల నాకొచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన లంగరు గోలే. అవుట్‌బోర్డ్ ఇంజన్ల గురించి అడిగినోళ్ళు ఏమనుకోబాకండి, అవి వచ్చే నెలకి పెట్టుకున్నా. ముందు కావలి పిల్లోడి కత చూద్దాం, ఎందుకంటే ఇట్టాంటి కతే ఇంకో ముగ్గురు కూడా రాశారు, ఊరి పేర్లు మార్చి చదువుకోండి అంతే.

*కావలి నుంచి ఒక పాఠకుడు (ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్):*
సార్ నమస్తే. మేం ఆరుగురం ఫ్రెండ్స్ జనవరిలో ఫుకెట్‌లో 40 అడుగుల సెయిలింగ్ యాట్ ఒకటి వారం రోజులకి చార్టర్ తీసుకున్నాం, స్కిప్పర్ వద్దన్నాం, మాలో ఒకడికి లైసెన్స్ ఉంది. రెండ్రోజులు సూపర్‌గా ఉంది. మూడో రోజు పొద్దున ఫాంగ్‌న్గా బేలో లంగరు ఎత్తుదామని బటన్ నొక్కితే విండ్లాస్ (లంగరు గొలుసు ఎత్తే మోటారు) మూలుగుతా మూలుగుతా ఆగిపోయింది, మళ్ళీ నొక్కితే టిక్ అని సౌండ్ తప్ప ఏం లేదు. మావాడు బెడ్ కింద వెతికితే ఒక స్విచ్ పడిపోయుంది, ఎత్తితే పనిచేసింది. అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఒక సాయంత్రమైతే లంగరు వేస్తుంటే గొలుసు ఆగకుండా జర్రున దానంతటదే దిగిపోయింది. చివరి రోజు మోటారు పూర్తిగా చచ్చింది, 50 మీటర్ల గొలుసు చేత్తో లాగాం, ఇద్దరికి నడుం పట్టేసింది. కంపెనీ వాళ్ళేమో మీరే కాల్చారని డిపాజిట్‌లో సగం కోసేశారు. పాత మోటారు మా మొహాన కొట్టి డబ్బులు మమ్మల్ని కట్టమనడం న్యాయమా?

*జవాబు:*
నడుం ఎట్టుండాది ముందు అది చెప్పు అబ్బయ్యా. న్యాయం సంగతి చివర్న మాట్లాడదాం.

నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉండాది, "మూలుగుతా మూలుగుతా ఆగిపోయింది" అన్నావు చూడు, అదే. మోటారు మూలుగుతా ఉందంటే దాని మీద మొయ్యలేని బరువు పెట్టారని. నాకు తెలిసి మీరు చేసింది ఇది: పొద్దున్నే గాలికి పడవ వెనక్కి లాగుతా ఉంటే, గొలుసు ముందుకి వీణ తీగలాగా బిగిసుంటే, ఒకడు ముందర నిలబడి బటన్ నొక్కి పట్టుకున్నాడు. అంటే 8, 9 టన్నుల పడవని ఆ చిన్న మోటారు చేత లంగరు దగ్గరికి ఈడ్పించారు. బావి గిలక బకెట్ తోడడానికి పెట్టింది, దానికి ఎద్దులబండి కట్టి లాగితే ఏమౌతాది? విండ్లాస్ ఉండేది నీళ్ళలో నిలువుగా వేలాడే గొలుసుని, దాని చివర లంగరుని పైకి ఎత్తడానికి మాత్రమే. పడవని లాగే పని ఇంజన్‌ది.

కొంచెం లెక్క చెప్తా, బోర్ అనుకోబాక. ఆ సైజు పడవల్లో విండ్లాస్ మోటారు 1000 వాట్లు అనుకుందాం, కరెంటు 12 వోల్టులు, అంటే మామూలుగానే 80 ఆంప్స్ పైన లాగుతాది. మీ అమ్మ ఇంట్లో తిప్పే 750 వాట్ల మిక్సీ లాగేది 3 ఆంప్స్ చిల్లర. అదీ తేడా. పైగా బ్యాటరీలు యాడో మధ్యలోనో వెనకో ఉంటాయి, మోటారు ముందర ముక్కు మీద ఉంటాది, అంత దూరం కేబుల్‌లో వచ్చేసరికి వోల్టేజీ పడిపోతాది, ఇంజన్ ఆపి పెట్టుంటే ఇంకా పడిపోతాది, అట్ట నీరసంగా వచ్చిన కరెంటుతో మోటారు నిదానంగా తిరిగి వేడెక్కుతాది, మొయ్యలేని బరువుకి కరెంటు ఎక్కువ లాగితే బ్రేకర్ పడతాది. మీవాడు బెడ్ కింద ఎత్తిన స్విచ్ అదే. టిక్ సౌండ్ అంటే బటన్ బానే ఉంది, రిలే (బటన్ నొక్కితే పెద్ద కరెంటుని కలిపే స్విచ్) కూడా కొట్టుకుంది, అసలు కరెంటు మాత్రం మోటారుకి పోలేదు అని. ఆ బ్రేకర్ ఒకసారి పడిందంటే ఏందో తప్పు జరుగుతుందని చెప్పినట్టు. మీరు రోజూ దాన్ని ఎత్తి మళ్ళీ అదే పని చేశారు, జ్వరమొచ్చినోడికి మాత్ర వేసి రోజూ కూలికి పంపినట్టు.

ఎట్ట ఎత్తాలంటే. ఇంజన్ ఆన్ చెయ్యి, 1500 ఆర్‌పీఎం దగ్గర్లో పెట్టు, బ్యాటరీకి ఊపిరి ఉంటాది. ముందర నిలబడ్డోడు గొలుసు ఎటు పోయిందో చేత్తో చూపించాలి (అరవబాకండి, గాలికి వినపడదు, పక్క పడవల వాళ్ళకి మాత్రం మీ భార్యాభర్తల గొడవలన్నీ వినపడతాయి). స్టీరింగ్ దగ్గరోడు ఆ దిక్కుకి మెల్లగా ముందుకి పోనివ్వాలి. గొలుసు వదులవుతాది, ఆ వదులైనంత ఎత్తు, ఆపు. మళ్ళీ ముందుకి, మళ్ళీ ఎత్తు. గొలుసు నిట్టనిలువుగా వచ్చి లంగరు బురదలో నించి ఊడకపోతే, ఫాంగ్‌న్గాలో అదే జరుగుతాది, ఆడంతా మెత్తని బురద, బాగా పట్టేస్తాది, అప్పుడు మోటారుతో పీకబాక. గొలుసుకి కొక్కెం తగిలించి గట్టి క్లీట్‌కి (డెక్ మీద తాడు కట్టే కొమ్ము) కట్టేసి ఇంజన్‌తో కొంచెం ముందుకి పో, లంగరు దానంతటదే ఊడొస్తాది. తర్వాత మోటారు.

ఇక జర్రున దిగిపోయిన సంగతి. గొలుసుని పట్టే పళ్ళ చక్రాన్ని జిప్సీ అంటారు, దాన్ని మోటారుకి బిగించేది క్లచ్. పైన హ్యాండిల్ పెట్టి తిప్పితే బిగుస్తాది, వదులౌతాది. ఎవడో లంగరు వెయ్యడానికి వదులు చేసుంటాడు, మళ్ళీ బిగించలేదు. చాలాసార్లు ఇంతే, దానికి విండ్లాస్ పాడైందని కంగారు. బిగించినా కూడా గొలుసు ఎగిరెగిరి జారుతుంటే మాత్రం చక్రం పళ్ళు అరిగిపోయుండాలి, లేదా ఆ చక్రం సైజుకి కాని గొలుసు తగిలించుండాలి, అది కంపెనీ తప్పు, ఫోటో తీసి పెట్టుకో. ఆ జారే గొలుసుని మాత్రం చేత్తో పట్టుకోబాక, కాలితో తొక్కబాక. నా ఎడమచేతి ఉంగరం వేలు చివర చూసినోళ్ళు ఇంక ఆ పని చెయ్యరు.

ఇంకోటి అడుగుతా, రాత్రిళ్ళు ముందర క్యాబిన్‌లో పడుకున్నోళ్ళకి కటకటమని గొలుసు సౌండ్ వచ్చిందా? వచ్చుంటే మీరు స్నబ్బర్ వెయ్యలేదని నాకు అర్థం. స్నబ్బర్ అంటే పెద్ద విషయమేం కాదు, 8, 10 మీటర్ల నైలాన్ తాడు, చివర కొక్కెం. కొక్కెం గొలుసుకి తగిలించి, తాడు రెండో కొన క్లీట్‌కి కట్టి, ఇంకో రెండు మీటర్ల గొలుసు వదలాలి. అప్పుడు తాడు బిగుసుకుంటాది, గొలుసు ఊయల మాదిరి వంగి వదులుగా వేలాడతాది. అది కళ్ళారా చూసుకునే పడుకోవాలి. నైలాన్ సాగుతాది కాబట్టి అల ఊపులన్నీ అది తింటాది. లేకపోతే రాత్రంతా ఆ ఊపులు విండ్లాస్ గేర్ల మీదే పడతాయి, రోజూ పొద్దున్నే మోటారు మూలిగిందంటే రాత్రంతా అది కూడా నిద్రపోలేదు మరి.

చేత్తో లాగడం గురించి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి 2 కిలోల పైన బరువుంటాది, 50 మీటర్లు అంటే నూరు కిలోలు దాటతాది, కానీ మీరెత్తేది మొత్తం కాదు, మిగతాది నేల మీద పడుంటాది, 7 మీటర్ల లోతులో వేలాడే గొలుసు 16 కిలోలు, లంగరు ఒక 20 కిలోలు. ఇద్దరు మగపిల్లలకి అదేమంత కాదు. మీ నడుం పట్టించింది గొలుసు కాదు, పడవ. ఇంజన్‌తో ముందుకి పోకుండా పడవని చేత్తో లాగుంటారు. ఇంకా తేలిక దారి ఉండాది: తెరచాప తాళ్ళు బిగించే వించ్‌లు వెనక ఉన్నాయి కదా, ఒక పొడుగు తాడు తీసుకుని గొలుసుకి కొక్కెంతో తగిలించి, ఆ తాడు వెనక్కి తెచ్చి వించ్‌కి చుట్టి తిప్పితే చిన్నపిల్లోడు కూడా ఎత్తేస్తాడు. తాడు అయిపోయాక గొలుసుని కట్టేసి మళ్ళీ ముందు తగిలించుకోవాలి, అరగంట పడతాది, పట్టనీ. కొన్ని విండ్లాస్‌లకి హ్యాండిల్‌తో చేత్తో తిప్పే ఏర్పాటు కూడా ఉంటాది, పడవ తీసుకునే రోజే అడిగి తిప్పి చూడాలి.

ఇప్పుడు న్యాయం. మామూలుగా అరుగుదలకి పడవోడు కట్టుకోవాలి, మోటుగా వాడి పాడుచేస్తే తీసుకున్నోడు కట్టాలి, అగ్రిమెంట్లు చాలామటుకు ఇట్టనే ఉంటాయి, నీ దాంట్లో ఏం రాసుందో చదువు. నన్నడిగితే మీ తప్పు మోటారు మీద భారం వెయ్యడం కంటే పెద్దది ఇంకోటి: మూడో రోజు బ్రేకర్ పడినప్పుడే ఫోన్ చెయ్యలేదు. ఒక వాట్సాప్ మెసేజ్, ఒక వీడియో, "విండ్లాస్ ఆగిపోతుంది, ఏం చెయ్యమంటారు" అని పెట్టుంటే, ఆ రోజు నించి బాధ్యత వాళ్ళది కూడా అయ్యేది, బోటులో మెకానిక్‌ని పంపేవాళ్ళో, వాడొద్దనేవాళ్ళో. ఇప్పుడు నువ్వు చెప్పేదానికి, వాళ్ళు చెప్పేదానికి సాక్ష్యం ఏంది? అయినా ఊరుకోబాక, రిపేర్ బిల్లు అడుగు, మోటారు మొత్తం మార్చారా బ్రష్‌లు మార్చారా అడుగు, దానికి ముందు సర్వీస్ ఎప్పుడు చేశారో అడుగు, మర్యాదగా మెయిల్‌లో అడుగు. మొత్తానికి నా లెక్కలో తప్పు సగం మీది సగం వాళ్ళది. వాళ్ళూ సగమే కోశారంటున్నావు, సరిపోయిందేమో మరి.

*ఒంగోలు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని:*
తాతగారూ, లంగరు బరువు వల్లనే కదా పడవ ఆగేది? కాదని మా తమ్ముడు అంటున్నాడు. బిర్యానీ పందెం వేసుకున్నాం.

*జవాబు:*
బిర్యానీ తమ్ముడికి పెట్టాలి తల్లీ. 9 టన్నుల పడవని 20 కిలోల ఇనుము బరువుతో ఆపలేదు. లంగరు అంటే నాగలి. ఊరికే పోలిక కాదు, సీక్యూఆర్ అనే లంగరుని నాగలి లంగరు అనే అంటారు, జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్ అని బ్రిటిష్ సైంటిస్టు 1933లో చేశాడు, చూస్తే కర్రు మాదిరే ఉంటాది. మీ ఇంట్లో పెద్దోళ్ళు అరక దున్ని ఉంటే అడుగు, లాగుడు నేలకి దగ్గరగా ఉంటే కర్రు లోపలికి దిగుతాది, పైకి లాగితే నేల మీద గీసుకుంటా లేచొస్తాది. లంగరు కూడా అంతే. గొలుసు బరువుకి నేల మీద పడుకుని ఉంటే లాగుడు అడ్డంగా వస్తాది, లంగరు ఇంకా లోతుకి పోతాది. గొలుసు తక్కువ వదిలితే లాగుడు పైకి వస్తాది, ఊడిపోతాది.

గాలి సంగతి కూడా చెప్తా, గాలి వేగం రెండింతలైతే పడవ మీద తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే సాయంత్రం రాయిలా నిలబడ్డ లంగరు తెల్లారేసరికి లేదంటారు. 2020 అక్టోబర్లో వైజాగ్ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ఫోటోలు చూసే ఉంటావు, దాని లంగరు బరువుకేం తక్కువ, వాయుగుండం గాలికి నిలవలేదు.

*నెల్లూరు నుంచి ఒక డాక్టరు గారు:*
మేము కూడా ఫుకెట్ వైపే వెళ్ళాం. రాత్రి రెండు గంటలకి లేచి చూస్తే పడవ వేరే చోట ఉంది, పక్కనున్న కాటమరాన్‌కి (రెండు పొట్టల పడవ) తగలబోయి ఆగింది. లోతు 6 మీటర్లు చూపిస్తే మూడింతలు అని 20 మీటర్ల గొలుసు వదిలాం. లంగరే సరైంది కాదని నా అనుమానం. మీరేమంటారు?

*జవాబు:*
లంగరుని ఏమనబాకండి డాక్టరు గారూ, లెక్కే తప్పు. ఆ లోతు కొలిచే సౌండర్ చూపే 6 మీటర్లు నీళ్ళ పైనుంచా, కీల్ (పడవ అడుగున కిందికి దిగుండే రెక్క) కింద నుంచా? కొన్ని పడవల్లో కీల్ కింద నుంచి చూపించేటట్టు పెట్టుంటారు, 40 అడుగుల పడవకి కీల్ 2 మీటర్లు దిగుతాది, అంటే అసలు లోతు 8. పడవ ముక్కు నీళ్ళ మీద ఇంకో మీటరు ఎత్తులో ఉంటాది, 9. ఇక ఆటుపోటు. మన మైపాడులో తేడా మీటరు అటూ ఇటూ కాబట్టి మనకి అలవాటు లేదు, ఆడ పౌర్ణమి అమావాస్యలకి 2 నించి 3 మీటర్లు లేస్తాది. సాయంత్రం పాటు మీద వేశారనుకోండి, నడిరాత్రికి పోటొచ్చి 11, 12 అయ్యుంటాది. 12 మీటర్లకి 20 మీటర్ల గొలుసు అంటే రెండింతలు కూడా కాదు. పోటు మీద ఉండే లోతు లెక్కేసుకుని దానికి ఐదింతలు వదలండి, చోటుంటే. మీ పడవలో 50, 60 మీటర్లు ఉండే ఉంటాది, పెట్టెలో దాచుకుంటే వడ్డీ రాదు కదా. గొలుసు మీద మీటర్ల గుర్తులు చెరిగిపోయుంటే మొదటి రోజే అడగండి, ఎక్కడ పది, ఎక్కడ ఇరవై అని. మేం షిప్పుల్లో షాకిల్స్ లెక్కన చెప్పేవాళ్ళం, ఒక షాకిల్ అంటే 27.5 మీటర్లు, కృష్ణపట్నం బయట రాత్రిపూట దీపాలు పెట్టుకుని వరసగా కనపడతాయే, ఆ షిప్పులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

వేసిన తర్వాత ఇంజన్ వెనక్కి మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా తిప్పి లాగి చూశారా? అప్పుడు ముందర కూర్చుని గొలుసు మీద అరచెయ్యి పెట్టండి, మీకు నాడి చూడటం అలవాటే. లంగరు పట్టుంటే గొలుసు బిగిసి ఊరుకుంటాది. జారుతుంటే గుడగుడమని వణుకు చేతికి తెలుస్తాది, రాళ్ళ రోడ్డు మీద సైకిల్ హ్యాండిల్ మాదిరి. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక కొండ అంచు వరసలో పెట్టుకుని చూడండి, ఆ వరస చెదరకూడదు. ఫోన్‌లో యాంకర్ అలారం (పడవ చోటు మారితే మోగేది) పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్‌లో ఉంచండి. మాస్ట్ (తెరచాప కొయ్య) మీద తెల్లలైటు వేసే పడుకున్నారు కదా?

*కందుకూరు నుంచి ఒక పాఠకురాలు:*
అన్నయ్యా, జూన్‌లో మా వారు, ఆయన ఫ్రెండ్స్ ఫ్యామిలీలు గ్రీస్‌లో లెఫ్కాడా నుంచి కాటమరాన్ తీసుకుంటున్నారు. అక్కడ రేవుకి వెనక్కి పెట్టి లంగరు ముందర వేయాలంట కదా, వేరేవాళ్ళ గొలుసు మీద పడితే ఏం చేయాలి?

*జవాబు:*
పడతాదమ్మా, ఒక వారంలో ఒకసారైనా పడతాది, దానికి పోట్లాట అక్కర్లేదు. పక్కనోడి గొలుసు ఎటు పోయిందో చూసుకుని దానికి సమాంతరంగా వెనక్కి రావాలి, రేవుకి బాగా దూరం నించే లంగరు వదలాలి, అది ఒకటే జాగ్రత్త. చిక్కుకుంటే లంగరు మెల్లగా పైకెత్తి, పక్కనోడి గొలుసు కింద నించి ఒక తాడు పోనిచ్చి రెండు కొనలూ మీ పడవకి బిగించండి, మీ లంగరు కొంచెం దించితే అది విడిపోతాది, తర్వాత తాడు ఒక కొన వదిలేస్తే వాడి గొలుసు నీళ్ళలోకి పోతాది. విండ్లాస్ బటన్ పట్టుకుని ఇద్దరి లంగర్లూ ఎత్తాలని చూడొద్దని మీ వారికి చెప్పు.

కాటమరాన్‌కి స్నబ్బర్ రెండు కాళ్ళది ఉంటాది, బ్రైడిల్ అంటారు, రెండు పొట్టలకీ రెండు తాళ్ళు. ఒక తాడు పొట్టి ఒకటి పొడుగు అయితే పడవ అడ్డంగా ఊగుతాది, సమానంగా పెట్టుకోవాలి. గడ్డి ఉన్న చోట వెయ్యబాకండి, నీళ్ళలో నల్లగా మచ్చలు కనపడేది గడ్డి, లేత రంగులో కనపడేది ఇసుక. గడ్డి మీద లంగరు జారతాది, పైగా పోసిడోనియా అనే ఆ గడ్డి సముద్రానికి మంచిది, పీకకూడదు.

*గూడూరు నుంచి:*
రిమోట్ బటన్ పనిచేయకపోతే విండ్లాస్ పోయినట్టేనా?

*జవాబు:*
కాదు. ఉప్పు నీళ్ళకి రిమోట్ వైరు ప్లగ్గులో పచ్చగా చిలుం పడుతుంది, అంతే. స్టీరింగ్ దగ్గర గానీ, డెక్ మీద కాలి కింద గానీ ఇంకో బటన్ ఉంటుంది, అది నొక్కి చూడు. ఏదీ పలక్కపోతే బ్రేకర్ చూడు.

*కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు:*
బాబాయ్, మా ఫైబర్ బోటుకి నాలుగు కొక్కేల లంగరే వాడతాం. గోవాలో పనిచేసే మా బావ యాట్ లంగరు ఒకటి తెస్తానంటున్నాడు. తీసుకోమంటావా? ఈమధ్య మా లంగరు ఇసకలో పట్టడం లేదు.

*జవాబు:*
తీసుకో, ఊరికే వస్తుంటే ఎందుకు వదులుకోవాలి. కానీ అసలు కారణం అది కాదురా. కొక్కేల లంగరు రాళ్ళ మీద బాగా పట్టుద్ది, ఇసకలో దానికి పట్టే వెడల్పు లేదు, అది నిజమే. అయితే మీరంతా లంగరుకి నేరుగా తాడు కడతారు, తాడు తేలిగ్గా పైకి లేస్తాది, లంగరు కూడా లేస్తాది. మా నాయన కూడా అట్టనే కట్టేవాడు, లంగరు ఊడినప్పుడల్లా గంగమ్మని తిట్టేవాడు. తాడుకీ లంగరుకీ మధ్యన ఒక 5 మీటర్ల గొలుసు వెయ్యి, పాతదైనా పర్లేదు, బోట్ల సామాను కొట్టులో కిలో లెక్కన ఇస్తారు. తాడు మాత్రం ఎక్కువ వదలాలి, లోతుకి ఏడింతలు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, జూన్ 14 దాకా బోటు ఒడ్డునే కదా, అప్పుడు చెయ్యి ఈ పని. గొలుసుని లంగరుకి కలిపే ఇనప కడియాన్ని కూడా షాకిల్ అనే అంటారు, దాని పిన్ను బిగించాక పిన్ను కన్నంలోంచి స్టీలు తీగ రెండు చుట్లు చుట్టడం మర్చిపోబాక, అల ఊపుకి పిన్ను దానంతటదే తిరిగి ఊడొస్తాది. తాడు రెండో కొన బోటుకి కట్టుందో లేదో కూడా చూసుకో, నవ్వబాక, నా సర్వీసులో కట్టకుండా వదిలినోళ్ళని ఇద్దర్ని చూశా, గొలుసు మొత్తం వాళ్ళ కళ్ళ ముందే నీళ్ళలోకి పోయింది.